ఫ్లోరైడునకు ద్వారము లేని దేహము

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గము క్రింది పల్లెలలో గారపళ్ళను దాచుకొనుటకై నోటికి చెయ్యి అడ్డము పెట్టుకొని నవ్వు బాలికను, నలుబదియేండ్లకే నడుము బిగిసి లేవలేని రైతును చూచినవారు "అది వారి వంశములోనే ఉన్నది" అని తేల్చివేయుట కద్దు. ఒకే యింట నలుగురికి ఒకే బాధ కనబడినపుడు అట్టి యనుమానము సహజమే. కాని ఆ నలుగురును త్రాగునది ఒకే బోరునీరని మరచినచో, వంశమును నిందించి నీటిని విడిచిపెట్టినవారమగుదుము.

ఆ నీటిలోని ఫ్లోరైడు కలిగించు ఈ వ్యాధి కొత్తది కాదు. 1937లోనే షార్టు మొదలగు వైద్యులు, నాడు మద్రాసు రాజధానిలో నుండిన నెల్లూరు జిల్లా ప్రజల యెముకలలో ఫ్లోరైడు కలిగించు వికారమును వర్ణించి ప్రకటించిరి.

జన్యువుల మాట వచ్చినది గనుక దానినే తరచి చూతము. మన కణపు పొరలో సోడియమును మూడు పాళ్ళు వెలికి నెట్టి పొటాషియమును రెండు పాళ్ళు లోనికి తెచ్చు ప్రోటీనొకటి కలదు; దాని ముఖ్యభాగమును నిర్మించు జన్యువులలో ప్రధానమైనది ఏటీపీ1ఏ1. ఇట్లే కాల్షియమునకును, క్లోరైడునకును, అయొడైడునకును వేరువేరు ద్వారములు, వానికి వేరువేరు జన్యువులు మనయందున్నవి.

ఫ్లోరైడునకో? ఆమ్లగుణము గల చోట అది హైడ్రోజనుతో కూడి, విద్యుదావేశము లేనిదై పొరను సులభముగా దాటును. లోపల మరల విడిపోయి అయానుగా మారి చిక్కుకొనును. దీనిని వెడలగొట్టుటకై సూక్ష్మజీవులు ఫ్లక్ అను సన్నని మార్గమును, ఈస్టులును మొక్కలును ఫెక్స్ అను ప్రోటీనును సంపాదించుకొన్నవి. ఆ ఫెక్స్ జన్యువులు తొలగింపబడిన ఈస్టు ఫ్లోరైడునకు వేయిరెట్లకు మించి లొంగిపోవునని 2013లో శాస్త్రజ్ఞులు చూపిరి. వెన్నెముక గల జంతువులలో అట్టి జన్యువు కానరాలేదు. రొట్టెపిండిని పొంగించు అల్పజీవికున్న రక్షణ మానవునికి లేదు! మనకున్నవి మూత్రపిండములు మాత్రమే. అవి పెద్దలలో సుమారు సగమును వెడలించును, తక్కినది యెముకలలో చేరును. ఎదుగుచున్న పిల్లలలో చేరు పాలు ఇంకను హెచ్చు.

పంటిమచ్చలకును కొల్లాజెను జన్యుభేదములకును గల సంబంధమును అరసిన పరిశోధనలు చైనాలో జరిగినవి, జరుగవలసినవే. అయితే ఒకరు ముందుగను ఒకరు వెనుకగను వంగుదురని తెలియుటచేత ఎవరి నీరును శుద్ధి కాదు. లేని జన్యువును మనము తెచ్చిపెట్టలేము గనుక ఆ ద్వారమును దేహమునకు వెలుపల, కొళాయివద్ద, నిర్మింపవలసియున్నది. ఆ పనిని డబ్బానీరు కొనగల ఇంటికి వదలుట న్యాయము కాదు, ఏలనన కూలిపనికై ఎండలో నిలుచువాడే అధికముగా నీరు త్రాగును, డబ్బా కొనలేనివాడును వాడే.

ఆత్మకూరు ప్రక్కనే సోమశిలవద్ద పెన్ననీరు నిలిచియున్నది. మెట్టపల్లెల కుండలకు మొదట ఆ నీరు చేరవలెను, పొలములకు పిమ్మట. అంతవరకు ప్రతి బోరునీటిని ఏటేట వేసవిలో పరీక్షించి, లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడున్నదో, అనుమతింపబడిన గరిష్ఠపరిమితి 1.5 అను అంకె ప్రక్కనే, ఓవర్‌హెడ్ ట్యాంకు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. దానికి కావలసినది కొంచెము సున్నము, ఒక కుంచె.