మెడ కోసిన మనిషిని మూడో రోజే పంపేస్తారా?

ఆపరేషన్ అనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఎంతవుతుందట?' రెండోది 'ఎన్నాళ్లు ఉంచుతారట?' ఈ రెండోదానికి ఏ జవాబు చెప్పినా చిక్కే. పది రోజులంటే బిల్లు పెంచడానికంటారు. మూడు రోజులంటే మంచం ఖాళీ చేయించడానికంటారు. మా బావ విషయంలో ఈ రెండు మాటలూ ఒకే సాయంత్రం విన్నాం.

బావది జగ్గయ్యపేట పక్క పల్లె. పత్తి, మిరప వేస్తాడు. ఏడాదిగా చేతులు తిమ్మిర్లు. చొక్కా గుండీలు పెట్టమని అక్కయ్యను పిలిచేవాడు. నడుస్తుంటే కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక వెనక్కి చూసుకునేవాడు. నరాల నీరసమని ఊళ్లోనే బలానికి సూదులు వేయించుకున్నాడు. చివరికి విజయవాడలో ఎమ్మారై తీస్తే, జబ్బు చేతుల్లోనూ కాదు, కాళ్లలోనూ కాదు, మెడలో ఉందని తేలింది. మెడలో ఉండే ఏడు పూసల్లో ఐదు, ఆరింటి మధ్య డిస్కు వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కుతోంది. పోయిన పట్టంతా తిరిగొస్తుందని మాటివ్వలేం, ఇక ముందుకు పోకుండా ఆపడమే అసలు పని అని డాక్టరుగారు ముందే చెప్పేశారు.

వెన్నెముక ఆపరేషన్ అంటే వీపు వైపు నుంచే అనుకుంటాం కదా. బావకు గొంతు పక్కన, ముందువైపు చేశారు. శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ పక్కకు జరిపి, డిస్కు తీసేసి, ఆ ఖాళీలో చిన్న దిమ్మ లాంటిది పెట్టి, ప్లేటు, స్క్రూలు బిగించారు. ఈ దారి ఇప్పటిది కాదు. 1950ల్లోనే అమెరికాలో రాబిన్సన్, స్మిత్ కలిసీ, క్లోవర్డ్ అనే మరో సర్జన్ విడిగానూ చేసి చూపించారు. కండరాలను కోయకుండా వాటి సందులోంచి వెళ్తారు కాబట్టి నొప్పి తక్కువ, లేచి తిరగడం తొందర. ఒక్క డిస్కే అయితే చాలాచోట్ల ఒకటి రెండు రోజుల్లో పంపేస్తారు. అమెరికాలో కొందరిని ఆ సాయంత్రమే ఇంటికి పంపుతున్నారు. వెనకవైపు నుంచి చేస్తే మాత్రం కండరాలను విడదీయాలి, నొప్పి ఎక్కువ, మరిన్ని రోజులు పడతాయి. వయసు మీదపడినా, షుగరున్నా, నడక ముందే దెబ్బతిన్నా లెక్క మారిపోతుంది.

ఇదంతా అక్కయ్యకు పట్టలేదు. "కోడికి కూడా మెడ మీద ఇంత గాటు పడితే బతకదు, మనిషిని మూడో రోజే పొమ్మంటారేమిట్రా తమ్ముడూ!" అని ఒకటే గోల. పెద్ద డాక్టరుగారినే అడిగేసింది. ఆయన విసుక్కోలేదు. "మా భయమంతా మొదటి రాత్రేనమ్మా" అన్నారు. లోపల రక్తం గూడుకట్టి శ్వాసనాళాన్ని నొక్కితే నిమిషాల మీద ప్రాణానికొస్తుందట. ఎక్కువగా తొలి 24 గంటల్లోనే వచ్చే ప్రమాదమది. ఆ రాత్రి నర్సు గంటగంటకూ వచ్చి బావ మెడ తడిమి, మాట్లాడించి, కాళ్లూ చేతులూ ఎత్తించి చూసిందెందుకో అప్పుడర్థమైంది. గొంతు వాపు మరో రెండు మూడు రోజులుంటుంది. మింగుతుంటే నొప్పి, గొంతు బొంగురు కొన్నాళ్లు సహజమేనట.

ఆ తర్వాత వాళ్లు చూసేది క్యాలెండరు కాదు. మెత్తటి అన్నం పొలమారకుండా మింగుతున్నాడా, మూత్రం తనంతట తాను పోస్తున్నాడా, నొప్పి మాత్రలతో ఆగుతోందా, పట్టుకోకుండా నడుస్తున్నాడా. బావ ఇంటికి నాలుగు మెట్లున్నాయని చెబితే, ఆస్పత్రి మెట్లు ఎక్కించి దించి చూశారు. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అందాకా మంచమివ్వడం ఏ ఆస్పత్రి వల్లా కాదు, అవసరమూ లేదు. ఆస్పత్రి గాలిలో ఎక్కువ రోజులుంటే కొత్త ఇన్ఫెక్షన్లు అంటుకునే ముప్పు మాత్రం ఉంది. దానికి తోడు పండ్ల సంచీలతో దిగే మన చుట్టాలు!

అయినా అక్కయ్య భయంలో ఒక న్యాయముంది. విజయవాడలోనే ఉండే రోగికి గొంతు పట్టేస్తే పది నిమిషాల్లో వెనక్కి రావచ్చు. జగ్గయ్యపేట దాదాపు 80 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ, నందిగామ, జగ్గయ్యపేట అన్నీ ఎన్టీఆర్ జిల్లాలోకే వచ్చాయి. కేస్ షీటులో జిల్లా పేరు చూసినవాళ్లకు పక్కవీధిలాగే కనబడుతుంది. దూరం మనమే నోరు తెరిచి చెప్పాలి. మేం చెప్పాం. మూడో రోజే పంపిస్తాం గానీ ఆ రాత్రికి నందిగామలో మా ఇంట్లో ఆగితే మంచిదన్నారు. జగ్గయ్యపేట కంటే అది విజయవాడకు దగ్గర.

రోజుల ఖరీదూ చిన్నదేం కాదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక ఆపరేషన్ ఖర్చుకు దారి దొరికింది గానీ, తోడున్నవాళ్ల కూలి పోవడం, వరండాలో పడక, హోటల్ తిండి ఎవరి లెక్కలోకీ రాలేదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5 వేలకు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఇంట్లో మంచం మీద గడిచే రోజుకూ ఒక ధర ఉందని తొలిసారి కాగితం మీద చూశాను.

డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషే. నర్సమ్మను బతిమాలి తెలుగులో చెప్పించుకుని అక్కయ్య చేత వల్లె వేయించాను. ఊపిరి ఆడకపోయినా మెడ ఉబ్బినా క్షణం ఆలస్యం లేకుండా 108. కాళ్లూ చేతులూ కొత్తగా చచ్చుబడినా మూత్రం ఆగినా వెంటనే ఆస్పత్రికి. జ్వరమొచ్చినా కుట్ల దగ్గర చీము పట్టినా ముందు ఫోను. డాక్టరు సరేననేదాకా తలమీద మోపు లేదు, మోటారు సైకిలు లేదు.

కారులో స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా అక్కయ్య బావ తల పట్టుకునేది. "నువ్వు పట్టుకుంటేనే నొప్పిగా ఉందే" అని ఆయన బొంగురు గొంతుతో విసుగు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు, ఆయన తప్ప. పొద్దున్నే రెండిడ్లీలు నెమ్మదిగా తిని మిరపకాయ పచ్చడి అడిగాడు. అక్కయ్య వేయలేదు. బయల్దేరేటప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాను. వాటి బకిల్ పెట్టడానికి ఎవర్నీ రానివ్వలేదు. చాలాసేపే పట్టింది. కారు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.