పాత లారీ పొగ: వెంటనే పట్టించుకోండి

చలి ముదిరింది. ధాన్యం మిల్లుల ముందు, చెరకు కాటాల దగ్గర, ఆటోనగర్ సందుల్లో తెల్లవారుజామున పాత లారీలు మొరాయిస్తున్నాయి. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడు క్లీనర్ కుర్రాడు పెట్రోలులో ముంచిన గుడ్డ తెచ్చి గాలి గొట్టం దగ్గర పెడతాడు, లేదా ఈథర్ స్ప్రే కొడతాడు. ఇంజన్ దడదడమని అందుకుంటుంది. బండి కదిలింది కదా అని అందరూ దాన్ని మరిచిపోతారు. ఈ పని ఈ రోజుతోనే ఆపాలి.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఈథర్ అంతకన్నా చాలా తక్కువ వేడికే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే భగ్గుమంటుంది. రింగులు విరుగుతాయి, పిస్టన్ పగులుతుంది. హీటర్ ప్లగ్గులున్న బండిలోనైతే మంట గాలి గొట్టం గుండా వెనక్కి తన్ని ఎదురుగా ఉన్న మనిషి ముఖాన్ని కాల్చగలదు. ఆ మనిషి చాలాసార్లు ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లవాడు.

బండి ఎందుకు స్టార్ట్ కావడం లేదో సైలెన్సర్ గొట్టమే చాలావరకు చెబుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు దాని వైపు చూడండి. పొగ అసలే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, ఫీడ్ పంపు బలహీనపడి ఉండవచ్చు, పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు. సాయంత్రం దాకా బాగా నడిచిన బండి రాత్రంతా నిలిపాక మొండికేసి, చేతి పంపు కొట్టగానే అందుకుంటే డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందన్నమాట. ఏదో ఒక జాయింటు దగ్గర గాలి పీలుస్తోంది. ఇది తక్కువ ఖర్చుతో పోయే రోగం. వాషరు మార్చాల్సిన చోట ఇంజన్ విప్పించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

తెల్లపొగ వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. ముందు బ్యాటరీ చూడండి. 24 వోల్టుల బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 18 కన్నా కిందికి పడిపోతుంటే ఇంజన్ తిరగాల్సిన వేగంతో తిరగదు, చాలినంత వేడి పుట్టదు. టెర్మినల్స్‌కు పట్టిన చిలుము గీకి, ఎర్త్ వైరు బిగించాక కూడా అలాగే ఉంటే అప్పుడు నాజిళ్లు, పంపు టైమింగ్, కంప్రెషన్ చూపించాలి.

తెల్లపొగతో పాటు రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే అది ప్రమాదం. హెడ్ గాస్కెట్ దెబ్బతిని నీరు సిలిండర్‌లోకి దిగుతూ ఉండవచ్చు. నీరు నొక్కుకుపోదు. ఇంజన్ సగం తిరిగి బిగుసుకుపోతే మరొక బండితో లాగించి స్టార్ట్ చేయించవద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

నల్లపొగ మీద ఓనర్లతో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. లోడు బాగా లాగాలని పంపులో డీజిల్ పెంచి తిప్పిస్తున్నారు. ఆ అదనపు డీజిల్ సగం మండి మసై పోతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, నాజిల్ కారుతున్నా ఇదే పొగ. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగను రోజంతా పీల్చేది డ్రైవర్, క్లీనర్, రోడ్డు పక్కన టీ కొట్టు నడిపే మనిషి. మోటారు వాహనాల చట్టం కింద పొగ ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు.

నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి చూడండి, అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమని తంతుంటే బోరు అరిగిందన్నమాట. దీని మరమ్మతు వాయిదా వేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. టర్బో సీలు పోయినా, ఆయిల్ ఆవిరి ఎక్కువైనా ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, కీ తీసేసినా ఆగకుండా పరుగెత్తగలదు. అప్పుడు డీజిల్ కట్ చేసినా లాభం లేదు, గాలి ఆపాలి. గాలి గొట్టం మూతికి గట్టి చెక్క అడ్డం పెట్టాలి, చేయి మాత్రం పెట్టకూడదు. అది వీలు కాకపోతే అందరూ దూరంగా పారిపోవాలి.

ఇంకొన్ని మాటలు. పల్లంలో వదిలి స్టార్ట్ చేద్దామని చక్రాల కింది రాళ్లు తీయకండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎయిర్ బ్రేకుకు గాలి నిండదు. నాజిల్ పైపు కారుతుంటే వేలు పెట్టి చూడకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి పక్కనే నిద్రపోకండి.

ఓనర్లకు విజ్ఞప్తి: డ్రైవర్ వచ్చి పొద్దున బండి అందుకోవడం లేదని చెబితే, తర్వాతి లోడు ఎక్కించక ముందే పంపు మెకానిక్ దగ్గరికి పంపండి. స్ప్రే డబ్బాను ఇవాళే బండిలోంచి తీసేయండి.