వైన్‌కి కాళ్ళుంటాయట, కోసిన చేతులుండవట!

"వైన్ రుచి చూడటం తాగడం కాదు, అదొక సంస్కారం" - కాలిఫోర్నియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ సంస్కారం ఎవరిది, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదే నా ప్రశ్న. తాగే ఆడవాళ్ళని తప్పుపట్టే పని మగవాళ్ళు ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. నాకా పని అక్కర్లేదు.

సొనోమా తీరం పసిఫిక్ పొగమంచు మీద బతికే ద్రాక్షసీమ. ఆ చల్లదనానికే పీనో న్వార్, షార్డొనే ద్రాక్షలు అక్కడ బాగా పండుతాయి. హీల్డ్స్‌బర్గ్ ఊరి మధ్య పార్కు చుట్టూ ఎటు చూసినా టేస్టింగ్ రూములే. స్నేహితురాళ్ళతో కలిసి ఒక్కరోజులో మూడింటికి వెళ్ళాను. గ్లాసులో రెండు గుక్కలు పోస్తారు. తిప్పాలి, వాసన చూడాలి, నోట్లో పుక్కిలించాలి, కావాలంటే పక్కనున్న పాత్రలో ఉమ్మెయ్యాలి. ఇదంతా నేర్పేవాళ్ళ మాటలు వింటుంటే నాకు మతిపోయింది. ఈ వైన్‌కి మంచి 'బాడీ' ఉందట. గ్లాసు లోపల జారే చారలు దాని 'లెగ్స్' అట. పీనో సుకుమారమైన ఆడది, కాబెర్నే బలిష్ఠుడైన మగవాడు! నాయికని ఆపాదమస్తకం వర్ణించే పని మన ప్రబంధ కవులతోనే అయిపోయిందనుకున్నాను. అది ఇక్కడ కౌంటరు వెనక నిక్షేపంగా సాగుతోంది. ఆడదాని శరీరం రుచి చూసి ఉమ్మెయ్యదగ్గ వస్తువన్న భావాన్ని ఇంత నాజూగ్గా చెప్పడం పితృస్వామ్యానికే చెల్లింది.

మట్టి గురించి చెప్పారు. పొగమంచు గురించి, ఓక్ పీపాల గురించి చెప్పారు. కోసిన చేతుల గురించి మూడుచోట్లా ఒక్క ముక్క లేదు. ద్రాక్ష చల్లగా ఉండగానే కోయాలని అర్ధరాత్రి తలలకి దీపాలు కట్టుకుని కోస్తారు. కోసేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. 2020లో అడవులు తగలబడి సొనోమాలో ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నప్పుడు, పంట పోకూడదని ప్రత్యేక పాసులిచ్చి కూలీలని ఆ తోటల్లోకి పంపారు. తీరానికి దూరంగా శాన్ వాకీన్ కౌంటీలో 2008 మే నెలలో, మరియా ఇసబెల్ వాస్కెస్ హిమెనెస్ అనే 17 ఏళ్ళ గర్భిణి వైన్ ద్రాక్షతోటలో పనిచేస్తూ వడదెబ్బకి కూలిపోయింది. రెండు రోజులకి చనిపోయింది. ఎండలో పనిచేసేవాళ్ళకి నీడ, నీళ్ళు ఇవ్వాలన్న నిబంధన కాలిఫోర్నియాలో 2005 నుంచే ఉంది!

"ఆడవాళ్ళం దర్జాగా కూర్చుని తాగుతున్నాం కదా, ఇది స్వేచ్ఛ కాదా?" అని ఒక స్నేహితురాలు నిలదీసింది. తాగడం ఆమె ఇష్టం. కానీ ఇంకో ఆడదాని వెన్ను విరిస్తే వచ్చే దర్జాకి స్వేచ్ఛ అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. 1992లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డది నీతులు చెప్పడానికి కాదు. తమ కూలి ఎటు పోతోందో, తమ ఒంటిమీద దెబ్బలు ఎక్కడినుంచి వస్తున్నాయో వాళ్ళకి తెలుసు కాబట్టి. ఆ పోరాటం వల్లనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. సారా తాగితే అనాగరికం, వైన్ తాగితే సంస్కారం అనే మనం, ఆ ఆడవాళ్ళు వేసిన లెక్క వైన్‌కి మాత్రం ఎందుకు వెయ్యం?

కాలిఫోర్నియాకి కూడా ఈ లెక్క కొత్త కాదు. 1965లో డెలనోలో మొదలైన ద్రాక్ష కూలీల సమ్మెకి డోలొరెస్ వెర్తా లాంటి స్త్రీలు నాయకత్వం వహించారు. ఊరూరా మామూలు జనం ద్రాక్ష కొనడం మానేశాకే 1970లో యజమానులు ఒప్పందాలకి దిగొచ్చారు. అంటే కొనేవాళ్ళ నోరు గుటకెయ్యడానికే కాదు, అడగడానికీ పనికొస్తుంది.

కాబట్టి ఆ కౌంటరు దగ్గర నిలబడే నా తెలుగు అక్కచెల్లెళ్ళు ఏ సంవత్సరం పంట, ఏ పీపా అని అడిగినట్టే ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. ఇది ఎవరు కోశారు? వాళ్ళకి ఎంత ఇచ్చారు? జవాబు విన్నాక గ్లాసు ఎత్తాలో దించాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు.