పదహారణాల చరిత్ర

"ఇంగ్లీషువాళ్ళు ఏలిన రోజుల్లో మనవాళ్ళు ఎట్లా బతికారు నాన్నా?" అని పిల్లవాడు అడిగితే, మనలో చాలామందిమి నలుగురు వైస్రాయిల పేర్లు చెప్పి వూరుకుంటాం. అవి పాఠ్యపుస్తకంలో వున్నవే. పరీక్ష అయిన మర్నాడు మరచిపోయేవీ అవే. ఆ రోజుల్లో జేబులో ఏ నాణెం వుండేది, సర్కారుకు దేనికోసం ఎంత కట్టేవారు అన్నది చెప్పి చూడండి, పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ఖమ్మం, భద్రాచలం వైపు తల్లిదండ్రులకు ఈ పాఠం చెప్పడానికి గోదావరి ఒడ్డే చాలు. 1860లో నిజాం ప్రభువు నదికి ఎడమ ఒడ్డునున్న భద్రాచలం తాలూకాను ఇంగ్లీషువారికి అప్పగించాడు. అది మొదట మధ్య పరగణాలలోను, 1874 నుంచి మద్రాసు రాజధానిలోను వుండేది. కుడి ఒడ్డున బూర్గంపహాడు, ఖమ్మంమెట్టు నిజాం ఇలాకాలోనే వుండిపోయాయి. నది ఒకటే, భాష ఒకటే, రాముడూ ఒకడే. సర్కార్లు మాత్రం రెండు!

సర్కారు మారితే డబ్బూ మారింది. అటు ఇంగ్లీషువారి కల్దారు రూపాయి, ఇటు నిజాం హాలీ రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. వంతెన వచ్చింది 1965లో గదా, అంతకుముందు పడవే గతి. శ్రీరామనవమికి ఇవతలి ఒడ్డువాడు పధ్నాలుగు హాలీ రూపాయలతో రేవు దాటితే, అక్కడ ఎన్ని కల్దార్ల కింద లెక్క? ఈ లెక్క మీ అమ్మాయిచేత చేయించండి. జవాబు పన్నెండు.

రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. "పదహారణాల తెలుగుపిల్ల" అని మనం ఇప్పటికీ అంటూనే వున్నాం. పదహారే ఎందుకో పిల్లలకు తెలియదు. మనకు నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఏలినవారి పిల్లలకూ ఈ తిప్పలు తప్పలేదు సుమండీ! పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. వాళ్ళు ఆ లెక్క వదిలించుకున్నది 1971లో, మన తరువాతనే.

ఇంతవరకు సరదా. ఇక కష్టమైన లెక్క ఒకటి వున్నది. భద్రాచలం తాలూకాలోని రేకపల్లి సీమలో అడవిబిడ్డలు పోడు కొట్టుకుని బతికేవారు. మధ్య పరగణాల కాలంలో శిస్తు గొడ్డలికి నాలుగణాలు. ఎక్కడ కావాలంటే అక్కడ కొట్టుకోవచ్చు. మద్రాసు సర్కారు చేతికి రాగానే శిస్తు దాదాపు మూడు రెట్లయింది. కొన్ని అడవుల్లో అడుగే పెట్టరాదన్నారు. నాలుగు గొడ్డళ్ళున్న ఇల్లు రూపాయి కట్టేచోట ఇప్పుడు ఎంత కట్టాలి? ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? 1879లో రంపలో పుట్టిన తిరుగుబాటు రేకపల్లికి ఎందుకు పాకిందో, ఈ లెక్క చేసిన పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషువాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తొందరపడి తీర్పు చెప్పకండి. ఎక్కడో బల్లమీద రాసిన ఉత్తరువు అడవిలో ఒక ఇంటి గంజికుండ దాకా ఎట్లా వచ్చిందో చూపించండి. తీర్పు వాళ్ళనే చెప్పుకోనివ్వండి.

జెండా సంగతి కూడా చెప్పాలి. 1947 ఆగస్టు 15న ఎడమ ఒడ్డుకు స్వాతంత్ర్యం వచ్చింది. కుడి ఒడ్డు 1948 సెప్టెంబరు దాకా, పదమూడు నెలలు, ఎదురుచూసింది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది 1959లో. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వున్నది. రేకపల్లి వైపు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. సరిహద్దు గీతలు ఇంకా కదులుతూనే వున్నాయి.

ఆనాటికి పదేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతున్నది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అటువంటి తాతయ్య, అమ్మమ్మ వుంటే ఈ ఆదివారమే పిల్లలను తీసుకువెళ్ళండి. మూడు ప్రశ్నలు చాలు: తాతయ్యా, మీ చిన్నప్పుడు అణాకు ఏమి వచ్చేది? పన్ను ఎవరు వసూలు చేసేవారు? మీ వూళ్ళో జెండా ఎప్పుడు ఎగిరింది? జవాబులు పిల్లలచేతనే ఒక నోటుపుస్తకంలో రాయించి, కింద తారీఖు వేయించండి. వైస్రాయిల పేర్లు వచ్చే ఏడాదీ పుస్తకంలో వుంటాయి.