కూల్చుట కొక దినము, నిలుపుట కొక తరము

1874వ సంవత్సరమున వాడి నుండి సికిందరాబాదునకు రైలు నడిచినది. ఆ మార్గమునకు ధనమిచ్చినది నిజాము ప్రభుత్వము. ప్రభుత్వ ధనమనగా తుదకు రైతు చెల్లించిన శిస్తే కదా! మల్లాపూరు, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు ఆ సంస్థానములోనివే. పెద్దపల్లి-నిజామాబాదు మార్గము 2017లో గాని పూర్తి కాలేదు. రైలు కూత తమ పొలములకు వినబడక పూర్వమే మన తాతలు దాని భారమును మోసిరి. కావున సికిందరాబాదు స్టేషను నగరవాసుల సొత్తు మాత్రమే కాదు.

ఆ స్టేషను పాత ముఖద్వారము 2025 ఫిబ్రవరిలో నేలమట్టమైనది. ప్రయాణికుల రద్దీ పెరిగినది, విశాలమైన కట్టడము కావలసియున్నది. దీనిని మేము కాదనము. కాని క్రొత్తది కట్టుటకు పాతదానిని ధూళి చేయుట తప్ప గత్యంతరము లేదా?

శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. నాగార్జునకొండ శిథిలములను సైతము అట్లే కాపాడిరి. రైలు కట్టడముల విషయమున ఇతర దేశములును మార్గము చూపినవి. ఇంగ్లండులో రౌలీ స్టేషనును విప్పి బీమిష్ ప్రదర్శనశాలలో తిరిగి నిర్మించి 1976లో తెరచిరి. జపానులో కునితాచి స్టేషనును 2006లో విప్పి, భాగములను భద్రపరచి, 2020లో పూర్వస్థలము చెంతనే నిలిపిరి.

అది కొయ్య కట్టడము, ఇటుకసున్నముల గోడలను అట్లు విప్పుట దుష్కరమని కొందరనవచ్చును. నిజమే. గోడలన్నియు తరలింపనక్కరలేదు. తోరణములు, స్తంభములు, తలుపులు, ఇనుప దూలములు, నామఫలకములు తరలింపదగినవి. ముందుగా కొలతలు తీసి, చిత్రపటములు వ్రాసి, ప్రతి భాగమునకు అంకె వేసిన చాలును. దీనికి కావలసినది ధనముకంటె ముందుచూపు.

1916లో కట్టిన కాచిగూడ స్టేషను నేటికిని నిలిచియున్నది. ఇట్టి ప్రాత కట్టడముల పట్టికను రైల్వేవారు ప్రకటింపవలెను. ఏ కట్టడముపై పలుగు వేయదలచినను ముందుగా ప్రజల అభిప్రాయమును వినవలెను. తరలింపు వ్యయమును క్రొత్త నిర్మాణపు అంచనాలోనే చేర్చవలెను. మన గ్రామ పెద్దలును పురప్రముఖులును ఈ కోరికను తమ ప్రతినిధుల ముందుంచుదురుగాక. కూలిన ద్వారము తిరిగి రాదు, నిలిచినవానినైన నిలుపుకొందము.