ఉదజని వాహనం బోల్తాపడితే మొదట చేరుకునేదెవరు?

కోల్‌కతా నగరంలో స్ట్రాండ్ రోడ్డుపై ఉన్న న్యూ కోయిలాఘాట్ భవనంలో 2021 మార్చి 8వ తేదీ సాయంత్రం సంభవించిన అగ్నిప్రమాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తూర్పు రైల్వే కార్యాలయాలున్న ఆ బహుళ అంతస్తుల భవనంలో పదమూడవ అంతస్తున మంటలు చెలరేగాయి. వాటిని ఆర్పేందుకు లిఫ్టులో పైకి వెళ్లినవారు ఆ లిఫ్టులోనే చిక్కుకుని ప్రాణాలు విడిచారు. మొత్తం తొమ్మిది మంది మృతులలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది, ఒకరు నగర పోలీసు శాఖకు చెందిన ఎ.ఎస్.ఐ.; రైల్వేకు చెందినవారు కూడా ఉన్నారు. అగ్నిప్రమాద సమయంలో లిఫ్టు వాడరాదన్నది బడిపిల్లలకు సైతం చెప్పే పాఠం. వృత్తిరీత్యా మంటలతో పోరాడేవారికి అది తెలియదని ఎవరూ అనుకోలేరు. భవనం నక్షా తమకు అందలేదని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఆ రాత్రే ఆరోపించారు. అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ఉన్నతస్థాయి విచారణకు ఆదేశించారు. తప్పు ఎవరిదన్న వివాదాన్ని అలా ఉంచితే, తాము అడుగుపెడుతున్న చోట ఏమున్నదో తెలియకుండా వెళ్లవలసి రావడం సహాయక సిబ్బంది పాలిట ఎంతటి ప్రమాదమో ఆ ఘటన తేటతెల్లం చేసింది.

భవనాల విషయంలో ఎదురైన ఈ ప్రశ్నే ఇక రహదారులపై కూడా ఎదురుకానున్నది. ఉదజని ఇంధనంతో నడిచే బస్సులు, లారీలు మన దేశంలో ప్రయోగదశను దాటి రోడ్డెక్కుతున్నాయి. 19,744 కోట్ల రూపాయల వ్యయ అంచనాతో జాతీయ హరిత ఉదజని పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న ఆమోదం తెలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో ఇండియన్ ఆయిల్ సంస్థ బస్సులు ప్రయోగాత్మకంగా తిరగడం ప్రారంభించాయి. 2025 మార్చిలో కేంద్రం ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టులను మంజూరు చేసింది. పది మార్గాలు, 37 బస్సులు, లారీలు, తొమ్మిది ఇంధన కేంద్రాలు, సుమారు 208 కోట్ల రూపాయల ఆర్థిక సహాయం అందులోని ముఖ్యాంశాలు. ఆ 37 వాహనాలలో 15 ఫ్యూయెల్ సెల్ అని వ్యవహరించే ఇంధన ఘటాలతోను, తక్కిన 22 ఉదజనిని నేరుగా మండించే ఇంజన్లతోను నడిచేవి.

ఆ పది మార్గాలలో ఒకటి మన రాష్ట్రంలోనిదే. అది 16వ నంబరు జాతీయ రహదారిపై విశాఖపట్నం నుంచి బయ్యవరం వరకు సాగే మార్గం. ఈ రహదారి కోల్‌కతా సమీపాన డాంకుని వద్ద మొదలవుతుంది. తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ మీదుగా, బాలాసోర్, భువనేశ్వర్, విశాఖ, విజయవాడ, నెల్లూరులను కలుపుకుంటూ చెన్నై చేరుతుంది. జంషెడ్‌పూర్ - కళింగనగర్, భువనేశ్వర్ - కోణార్క్ - పూరీ మార్గాలకు కూడా ప్రాజెక్టులు మంజూరయ్యాయి. ఇవన్నీ తూర్పు తీరానికి, దాని వెనుకనున్న ఉక్కు కర్మాగారాల ప్రాంతానికి చెందినవే. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్.టి.పి.సి. అనుబంధ సంస్థ తలపెట్టిన హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఈ వాహనాలు నేడు కోల్‌కతాలో కానరాకపోవచ్చు. కానీ లారీకి రాష్ట్రాల ఎల్లలతో పనిలేదు. ఇంధన కేంద్రాలు పెరిగేకొద్దీ డాంకుని నుంచి చెన్నై వరకు ఏ ఊరి పొలిమేరలోనైనా అటువంటి బండి బోల్తాపడే రోజు రావచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఉదజని అనగానే తెలుగు పాఠకునికి ఉదజని బాంబు గుర్తుకు రావడం సహజం. ఈ వాహనాలకు, ఆ బాంబుకు ఏ సంబంధమూ లేదు. ఇంధన ఘటంలో ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి విద్యుత్తును పుట్టిస్తుంది, మిగిలేది నీరు. పైగా ఈ వాయువు మనకు కొత్తదీ కాదు. 1857లో కలకత్తా వీధులలో ఓరియెంటల్ గ్యాస్ కంపెనీ వెలిగించిన దీపాలు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో వెలిగినవే. అటువంటి గ్యాసులో సుమారు సగం భాగం ఉదజనే ఉంటుంది. వనస్పతి తయారీకి, పెద్ద విద్యుత్ కేంద్రాలలో జనరేటర్లను చల్లబరచడానికి దీనిని దశాబ్దాలుగా వాడుతున్నారు. కనుక ప్రజలను భయపెట్టవలసిన పని లేదు. కొత్తదనమంతా పీడనంలోను, ఆ వాయువును నింపుకున్న బండి జనసమ్మర్దం నడుమ తిరగడంలోను ఉన్నది.

వంటగ్యాసు సిలిండరులో పీడనం సాధారణంగా వాతావరణ పీడనానికి పది రెట్లకు మించదు. సి.ఎన్.జి. బస్సులలో అది సుమారు 200 రెట్లు ఉంటుంది. ఉదజనితో నడిచే బస్సులు, లారీలలో 350 రెట్లు, కార్లలో 700 రెట్లు ఉండడం పరిపాటి. కర్బన తంతువులతో చుట్టిన ఆ ట్యాంకులు సామాన్యమైన దెబ్బలకు చెక్కుచెదరవు. అయితే మంటలో ఎక్కువసేపు ఉంటే పగిలే ప్రమాదమున్నది. అందుకే ప్రతి ట్యాంకుకు ఉష్ణోగ్రత సుమారు 110 డిగ్రీలకు చేరగానే తెరుచుకునే రక్షణ కవాటం ఒకటి అమర్చుతారు. అది తెరుచుకుంటే లోపలి వాయువంతా చెవులు గింగురుమనే చప్పుడుతో కొద్ది నిమిషాలలో వెలుపలికి చిమ్ముతుంది. అప్పటికే మంట ఉంటే అది మీటర్ల పొడవున జ్వాలగా మారుతుంది. ఆ జ్వాల ఏ దిక్కుకు పోతుందో బండి నమూనాను బట్టి ఉంటుంది. బోల్తాపడిన బండిలో ఆ దిక్కు కూడా మారిపోతుంది. చాలా బస్సులలో ట్యాంకులు పైకప్పు మీద ఉంటాయి. చిక్కుకున్న ప్రయాణికులను బయటకు తీయడానికి పైకప్పు కోయడం మన సిబ్బందికి అలవాటైన పద్ధతి. ట్యాంకుల సంగతి తెలియకుండా ఈ బస్సు పైకప్పుపై కత్తెర పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వంటగ్యాసుకు వాసన కలుపుతారు కనుక లీకయితే ముక్కు పసిగడుతుంది. ఇంధన ఘటంలోని ఉత్ప్రేరకాన్ని ఆ వాసన ద్రవ్యాలు పాడుచేస్తాయి కనుక వాహనాల ఉదజనికి వాటిని కలపరు. దానికి రంగూ లేదు. గాలిలో నాలుగు శాతం నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా అంటుకుంటుంది. వంటగ్యాసుకు ఆ పరిమితి సుమారు రెండు నుంచి పది శాతం లోపే. అంటుకోవడానికి పెట్రోలు ఆవిరికి కావలసిన శక్తిలో పదో వంతు చాలు. అన్నిటికంటె విపరీతమైనది దాని మంట. స్వచ్ఛమైన ఉదజని మంట పట్టపగలు కంటికి దాదాపు కనిపించదు. దాని సెగ కూడా ఇతర మంటల సెగలా దూరం నుంచే తగలదు. దగ్గరికి వెళ్లిన తర్వాత గాని మంటలో అడుగుపెట్టామని తెలియదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఒకప్పుడు సిబ్బంది పొడవాటి చీపురును ముందుకు చాచి నడిచేవారట. చీపురు కొస భగ్గుమంటే అక్కడ మంట ఉన్నదన్నమాట. ఇప్పుడు వేడిని పసిగట్టి తెరపై చూపే థర్మల్ కెమెరాలు వచ్చాయి. మన జాతీయ రహదారుల వెంట ఉన్న చిన్న అగ్నిమాపక కేంద్రాలలో ఎన్నింటికి అవి ఉన్నాయో రాష్ట్ర ప్రభుత్వాలు లెక్క తీయవలసి ఉన్నది.

మరో చిక్కు కూడా ఉన్నది. మన సిబ్బంది నేర్చుకున్నదానికి ఇక్కడ చేయవలసినది కొంతవరకు విరుద్ధం. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో లీకైన వంటగ్యాసు నేలబారున పాకి అంటుకోగా సుమారు 60 మంది మరణించారు. ఆ గ్యాసు గాలి కంటె బరువైనది. ఉదజని గాలి కంటె పద్నాలుగు రెట్లు తేలిక కనుక బయలు ప్రదేశంలో నిమిషాలలో పైకి ఎగిరిపోతుంది, అది మేలే. పైకప్పు ఉన్న చోట మాత్రం కప్పు కింద చేరి పొంచి ఉంటుంది. ఫ్లైఓవర్లు, బహుళ అంతస్తుల పార్కింగులు, ఇరుకైన బజార్లు నిండిన కోల్‌కతా వంటి నగరానికి ఇది చిన్న విషయం కాదు. ఇక మంట కనిపించగానే నీళ్లు కొట్టి ఆర్పడం సహజమైన స్పందన. ఉదజని ధారకు అంటుకున్న మంటను, వాయువు రావడం ఆగకముందే ఆర్పితే, మండకుండా పోగైన వాయువు ఆపై ఒక్కసారిగా పేలవచ్చు. రక్షణ కవాటంపై నీళ్లు కొడితే అది చల్లబడి తెరుచుకోకపోవచ్చు. వాయువు కాలిపోనిచ్చి, చుట్టుపక్కల వాటిని తడపడమే పలు సందర్భాలలో సరైన మార్గం. ఇంజను చప్పుడు లేదు గనుక బండి ఆగిపోయిందనుకోవడానికీ వీలులేదు. ఇంధన ఘటపు బండి నిలిచి ఉన్నప్పుడు నిశ్శబ్దంగానే ఉంటుంది. దాని నారింజరంగు తీగలలో వందల వోల్టుల విద్యుత్తు ఉండవచ్చు.

విదేశాల అనుభవం మన ముందున్నది. 2019 జూన్ 10న నార్వే రాజధాని ఓస్లో సమీపాన సాండ్వికాలోని ఉదజని ఇంధన కేంద్రంలో పేలుడు సంభవించింది. అధిక పీడన ట్యాంకు బోల్టులను సరిగా బిగించకపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఆ అదటుకు దగ్గరలోని వాహనంలో గాలిసంచులు విచ్చుకుని ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. అధికారులు ప్రధాన రహదారులను మూసివేసి, జనాన్ని దూరంగా ఉంచారు. అంతకు కొద్ది రోజుల ముందు, మే 23న దక్షిణ కొరియాలోని గంగ్‌నుంగ్‌లో ఒక పరిశోధన ప్రాంగణంలో ఉదజని ట్యాంకు పేలి ఇద్దరు మరణించారు. అదే దేశంలో 2024 డిసెంబరులో చుంగ్‌జు నగరంలోని ఇంధన కేంద్రంలో ఉదజని బస్సు పేలి ముగ్గురు గాయపడ్డారు. ఇవి తరచుగా జరిగేవి కావు. ఉదజని పెట్రోలు కంటె ప్రమాదకరమని వీటి ఆధారంగా తీర్మానించడం కూడా న్యాయం కాదు. కానీ ఆ దేశాలలో సైతం ప్రమాదాలు తప్పలేదన్నది గమనార్హం.

మన దేశంలో ప్రమాద స్థలానికి మొదట చేరుకునేది అగ్నిమాపక శకటం కాదు. దారినపోయే లారీ డ్రైవరు, పక్క ఊరి యువకులు, హైవే గస్తీ కానిస్టేబులు, అంబులెన్సు సిబ్బంది ముందు వస్తారు. గుమిగూడిన జనంలో ఎవరో బీడీ వెలిగిస్తారు. కనుక ఆ బండి ఏ ఇంధనంతో నడుస్తున్నదో దూరం నుంచే తెలియాలి. ఇందుకోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 17840 నంబరుతో ఒక ప్రమాణాన్నే రూపొందించింది. ఇంధనాన్ని బట్టి రంగు మారే గుర్తులు, ట్యాంకు ఎక్కడున్నదీ, కవాటం ఏ వైపున్నదీ, విద్యుత్తును ఎక్కడ తెంచాలో చూపే ఒక్క పుట పటం అందులోని భాగాలు. కోయిలాఘాట్ విషయంలో వివాదం చెలరేగిన నక్షా వంటిదే ఈ పటం కూడా. దీనిని బెంగాలీలో, ఒడియాలో, తెలుగులో అచ్చువేసి 16వ నంబరు రహదారి వెంట ఉన్న ప్రతి అగ్నిమాపక కేంద్రానికి, పోలీసు ఠాణాకు, టోల్ గేటుకు పంపడానికి అయ్యే ఖర్చు ఒక్క ఉదజని బస్సు ధర ముందు లెక్కలోకి రాదు.

అసలు ఇబ్బంది ఖర్చు కాదు, బాధ్యత ఎవరిదన్నది. వాహనాలకు ప్రోత్సాహకాలు ఇచ్చేది కేంద్రంలోని నూతన, పునరుత్పాదక ఇంధన వనరుల శాఖ. వాహన ప్రమాణాలు రహదారి రవాణా శాఖ చేతిలో ఉన్నాయి. అగ్నిమాపక సేవలు రాష్ట్రాలవి. ఒకరు బండిని రోడ్డెక్కిస్తే, అది అంటుకున్న రోజున మరొకరు పరుగెత్తాలి. వార్తాసంస్థలు పంపే ఉదజని కథనాలను తెనిగించే మాబోటివారికి కోట్లు, టన్నులు, కిలోమీటర్లు కంఠస్థమైపోయాయి. వాటిలో అగ్నిమాపక కేంద్రం పేరు తారసపడడం మాత్రం అరుదు. సురక్షిత నిర్వహణను ప్రదర్శించి చూపడం రవాణా ప్రయోగాల లక్ష్యాలలో ఒకటని కేంద్రమే 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ప్రమాదం జరగకపోవడం ఒక్కటే ఆ ప్రదర్శన అనిపించుకోదు. ప్రమాదం జరిగితే ఎవరు ఏమి చేస్తారో చేసి చూపడం కూడా అందులో భాగం కావాలి. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ కోసం కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. థర్మల్ కెమెరాలు, ఉదజనిని పసిగట్టే పరికరాల కొనుగోలుకు అటువంటి నిధులలో ప్రాధాన్యం ఇవ్వాలి.

ముప్పయి ఏడు వాహనాల కోసం ఇంత ఆర్భాటం దేనికని అడిగేవారు ఉండవచ్చు. సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే ఈ పని సులభం. బండ్ల తయారీదారులను పిలిపించి, ఖాళీ ట్యాంకులతో ఒక పాత బస్సును పడవేసి, దానిని ఎలా కోయాలో, ఎక్కడ నిలబడాలో నేర్పడానికి ఒక రోజు చాలు. పశ్చిమ బెంగాల్ అగ్నిమాపక శాఖ, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ శాఖలు కలిసి ఖరగ్‌పూర్‌లోనో, విశాఖలోనో ఉమ్మడి శిక్షణ ఏర్పాటు చేసుకోవచ్చు. మంజూరైన ప్రాజెక్టులు 18 నుంచి 24 నెలలలో అమలులోకి రావాలని 2025 మార్చిలోనే గడువు పెట్టారు. బయ్యవరం దారిలో వాహనాల రాకపోకలకు అనుమతి ఇచ్చే ముందు, అనకాపల్లి అగ్నిమాపక సిబ్బంది ఆ వాహనాన్ని కళ్లారా చూసి, దాని కవాటం ఎక్కడున్నదో చేత్తో తాకి తెలుసుకున్నట్లు జిల్లా అధికారి సంతకంతో ధ్రువపత్రం ఉండాలన్న షరతును ప్రభుత్వం తక్షణమే విధించాలి.