పాట వెనుక చేతులు

కచేరి ముగియగానే మనము గాయకుని కీర్తింతుము. పక్కన కూర్చున్నవాని పేరడుగుట అరుదు. ఈ అన్యాయము మన సభలకే పరిమితము కాదు; అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతమునందును కలదు. అచ్చట గాయనికి పియానోపై సహకరించువాని పని ఎట్టిదో తెలిసికొన్నచో, వినుట యను విద్య యెంత కష్టమైనదో బోధపడును.

జాజ్ గాయకులు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన ప్రసిద్ధ గీతములను 'స్టాండర్డు' లందురు. వీనిలో పెక్కు నాటకశాలల కొరకును చలనచిత్రముల కొరకును పుట్టినవి. అనేక గీతముల నిడివి 32 బార్లు. అందు ఎనిమిదేసి బార్ల భాగములు నాలుగు. సాధారణముగా మొదటి రెండును చివరిదియు ఒకే వరుస, మూడవది వేరు. ఈ చట్రము మారదు. దానిలో గాయని పాడు తీరు మాత్రము ప్రతి రాత్రియు మారును.

మన వయొలిన్ విద్వాంసుడు గాయకుని వెన్నంటి, అతడు పలికిన స్వరములనే పలికించును. జాజ్ పియానో వాదకుడు అట్లు చేయరాదు. గాయని పాడు వరుసనే తానును వాయించినచో, ఆమె ఒక స్వరమును ఆలస్యముగా పలుకదలచినను, మార్చి పలుకదలచినను పియానో అడ్డు నిలుచును. కావున అతడు కొన్ని స్వరములను ఒక్కమారుగా నొక్కి, 'కార్డు' అనబడు స్వరసముదాయములను మాత్రము అందించును. అవి పాటకు నేల వంటివి.

ఎప్పుడు నొక్కవలెను, ఎప్పుడు ఊరకుండవలెను? ఇదియే అతని విద్య. పాదము ముగిసి గాయని ఊపిరి తీసికొనువేళ రెండు మూడు స్వరములు. ఆమె మరల గొంతెత్తగానే మౌనము. వాక్యము ఎచ్చట ముగియునో ఎరుగనివానికి ఈ పని చేతకాదు. అందుచేత సాహిత్యము అతనికిని కంఠస్థము కావలెను. తన వ్రేళ్ళకు అలవడిన శ్రుతిని విడిచి, ఆమె కంఠమునకు తగిన శ్రుతిలో వాయింపగలుగవలెను. ఆరంభమున వాయించు నాలుగు బార్లలోనే శ్రుతిని, నడకను, భావమును ఆమె చేతికి అందింపవలెను.

1950లో ఎల్లా ఫిట్జెరాల్డ్ గెర్ష్విన్ గీతములను పాడి యిచ్చిన రికార్డులో ఎల్లిస్ లార్కిన్స్ పియానో తప్ప వేరు వాద్యము లేదు. మంద్రస్వరమును, లయను ఒక్కడే మోసియు, అతడు ఎచ్చటను గాయనికి ముందు నిలువడు.

1960 ఫిబ్రవరిలో అదే గాయని బెర్లిన్ నగరమున 'మాక్ ద నైఫ్' పాడెను. కుర్ట్ వైల్ వరుస కూర్చగా, 1928లో ఆ నగరపు నాటకరంగముననే వెలువడిన గీతమది. వేలమంది వినుచుండగా ఆమె నడుమ సాహిత్యమును మరచెను. మరచితినని పాటలోనే చెప్పుచు, ఇతర గాయకుల పేర్లు జోడించి అప్పటికప్పుడు మాటలల్లెను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించెను. పియానోవద్ద పాల్ స్మిత్, గిటారుతో జిమ్ హాల్, బాస్‌తో విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్, డ్రమ్ములవద్ద గస్ జాన్సన్ ఉండిరి. వారు తడబడలేదు, ఒక్క బారు లెక్క తప్పలేదు. ఆమె కాలు జారినను నేల కదలలేదు. ఆ గానమునకు 1961లో గ్రామీ పురస్కారము లభించెను. లోకము ఆమె సమయస్ఫూర్తిని మెచ్చెను. అది సముచితమే. కాని ఆ సమయస్ఫూర్తికి నిలువ నీడ యిచ్చినవారు ఆ నలుగురు.

మన పాఠశాల వార్షికోత్సవములలో హార్మోనియము ముందు కూర్చున్న బాలుడు బిగ్గరగా వాయించుటయే ప్రతిభ యని తలచును. పాడు బాలిక గొంతు అందులో మునిగిపోవును. సభ చప్పట్లు కొట్టును గాని, ఆ బాలిక మరుసటి యేడు వేదిక యెక్కదు. ఉపాధ్యాయులు ఆ బాలునికి మెట్లకంటె ముందు పాటలోని మాటలు నేర్పవలెను. ఆమె ఎచ్చట ఊపిరి తీయునో గమనింపుమని చెప్పవలెను. అట్లు విననేర్చినవాడు వాద్యము విడిచినను ఆ గుణమును విడువడు.

విద్యార్థులారా! ఈసారి ఒక పాట విన్నపుడు గాయని గొంతును కొంతసేపు విడిచి, వెనుకనున్న చేతులను వినుడు. పిదప రికార్డు అట్టమీద చిన్న అక్షరములలోనున్న ఆ పేరును వెదకి చదువుడు.